పదకొండో నెంబరు అలసంద

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, మర్యాదకు ఒక ప్రశ్న అడుగుతారు. మీ సర్వీసులో మీరు విడుదల చేసిన రకాలేమిటి సార్ అని. ఒక్కటీ లేదని చెబుతాను. పాపం, వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. ముసలాయన వినయానికి అంటున్నాడేమోనని ఇంకోసారి అడుగుతారు. వినయమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నా చేతుల మీదుగా బయటికొచ్చిన రకం లేదు. నా కళ్ల ముందు పోయిన రకం మాత్రం ఒకటుంది. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి అడక్కుండానే రాస్తున్నాను.

అరవైలు మొదలైన కొత్తలు. విడవలూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో, ఇసుక నేలల్లో సర్కారు ఒక చిన్న ఫారం పెట్టింది. నేను అందులో ఫీల్డ్ అసిస్టెంటుని. మాది ఉదయగిరి వైపు మెట్ట. మా నాన్న మిషన్ బడిలో పంతులు. బిందెడు నీళ్లకు మైలు నడిచే ఊళ్లో పెరిగినవాణ్ని తీసుకెళ్లి గాలిలోనే నీళ్లుండే చోట పడేశారు. ఉతికిన చొక్కా మర్నాటికి కూడా ఆరేది కాదు. జాడీలో ఉప్పు నీరయ్యేది. ట్రంకుపెట్టెలో బూట్లకు బూజు పట్టేది. అగ్గిపుల్లను తలవెంట్రుకల్లో నాలుగుసార్లు రుద్దితే గాని వెలిగేది కాదు.

మా పని ఆ గాలికి తట్టుకునే అలసందలు ఏవో తేల్చడం. పప్పుగింజలకు కరువుగా ఉన్న రోజులవి. వరి కోసిన మళ్లల్లో, ఊరికే పడివున్న ఇసుక దిబ్బల మీద అలసంద వేయిస్తే బాగుంటుందని పైవాళ్లకు తోచింది. అయితే అప్పటిదాకా అలసంద మీద జరిగిన పనంతా మెట్ట ప్రాంతాల్లో జరిగిందే. అక్కడ బుద్ధిగా కాసే రకాన్ని తెచ్చి ఇక్కడ వేస్తే తీగ సాగి, ఆకు కమ్ముకుని, కాయ సంగతే మరిచిపోయేది. మబ్బు పడితే పేనుబంక పట్టేది. నాలుగు చినుకులు పడితే కాయలో గింజ కాయలోనే మొలకెత్తేది. అందుకని ఒడ్డు పొడుగునా ఊళ్లలో ఉన్న నాటు రకాలను పోగుచేసి, బయటి ఫారాల నుంచి వచ్చిన వాటి పక్కన వేసి పోల్చి చూడమన్నారు.

కొడవలూరు నుంచి చిట్టమూరు దాకా ఆ సంవత్సరం నేను ఎక్కని బస్సు లేదు. బస్సు టాపు మీద సైకిలు వేయించి, దిగినచోట దాన్ని దింపుకుని ఊళ్లు తిరిగేవాణ్ని. సర్కారు మనిషి వచ్చి దోసెడు అలసందలు ఇమ్మంటే జనం నవ్వేవాళ్లు. తెల్లారి పన్ను వేయడానికి కాదుగదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. దక్షిణాన వీటిని కారామణులంటారు. పేరు మారినా నవ్వు మారలేదు.

మంచి రకం మాత్రం నా ముక్కు కిందే దొరికింది. ఫారానికి కూతవేటు దూరంలో క్రైస్తవుల పల్లె ఒకటి ఉండేది. ఫారంలో కలుపుకూ కాయకోతకూ వచ్చే ఆడవాళ్లంతా ఆ పల్లెవాళ్లే. వాళ్ల జట్టుకు పెద్ద ఒకామె. నలభై దాటిన మనిషి. భర్త బతికున్న రోజుల్లో ఆదివారాలు గుడిలో వాక్యం చదివేవాడట. ఆయన పోయాక ఇసుక దిబ్బ మీద చారెడు నేల, ఈ కూలిపని, ఇవే ఆమె ఆధారం. పల్లెలో అందరూ ఆమెను పెద్దక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనేవాణ్ని. పంతులు కొడుకునని తెలిశాక ఆమె నన్ను గుడి దగ్గరా ఇంటి దగ్గరా అబ్బయ్యా అని పిలిచేది. ఫారం కంచె దాటి లోపలికొస్తే మాత్రం సారూ అనేది. ఆ తేడా ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆమె దిబ్బ మీద వేసేది వాళ్ల అత్తగారి నాటి రకం. దిబ్బ అలసంద అనేవాళ్లు. గింజ చిన్నది, ఎర్రటిది. పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేలోపు ఉడికేది. లేతకాయలో పీచన్నది ఉండదు, తియ్యగా ఉంటుంది. విత్తనం ఇచ్చేటప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది.

"బాగుంటే పదిమందికీ ఇయ్యండి అబ్బయ్యా, నాకేం బాధ లేదు. బాగలేదంటే మాత్రం నాది నాకియ్యాల."

అట్లాగే అన్నాను. అనడానికి ఏం పోయింది.

ఫారంలో పేర్లకు విలువ లేదు. ప్రతి రకానికీ ఒక నెంబరు. దిబ్బ అలసంద పదకొండో నెంబరైంది. నేల ఒకచోట బాగుండి ఒకచోట బాగుండదు కాబట్టి పొలాన్ని నాలుగు పట్టీలుగా చేసి, ప్రతి పట్టీలోనూ అన్ని రకాలూ వేస్తాం. కాయ ఎండినకొద్దీ విడతలు విడతలుగా కోసి, ఏ మడిది ఆ సంచిలో పోసి, కొట్టి, గింజ తూకం వేస్తాం. నాలుగు పట్టీల తూకాలూ చూసి ఏది మేలో తేలుస్తాం. మీకు అవసరమైన శాస్త్రం ఇంతే. మిగతాది మీ పుస్తకాల్లో ఉంటుంది.

మా సూపరింటెండెంటు మెట్ట ఫారంలో చాలాకాలం చేసి వచ్చినాయన. తెల్లటి టోపీ, ఇస్త్రీ నలగని నిక్కరు. ఆ గాలిలో ఆయన ఇస్త్రీ ఎట్లా నిలిచేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెడ్డవాడు కాదు. లంచం ఎరగడు, పనికి ఆలస్యంగా రాడు. కంటికి మోసం ఉంటుంది గాని కాటాకు ఉండదని ఆయన నమ్మకం. పైరును చూసి మురిసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. మా స్టోరుకీపరు ఒక సాయిబుగారు. నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు. విత్తనాల డబ్బాలను చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఆయనకు పైరును చూసి మురవడమే ఇష్టం. ఇద్దరి మధ్య నేను.

మొదటి పంట నాకు బాగా గుర్తుంది. పుష్యమాసంలో కూడా మబ్బులు వదలని ఏడాది. బయటినుంచి తెచ్చిన రకాల ఆకులు మచ్చలు పడి, అడుగున కుళ్లి రాలుతుంటే పదకొండో నెంబరు కడిగిన ఆకులతో నిలబడింది. పాకడం కూడా మితంగానే పాకింది. పూత దండిగా పట్టింది. సాయిబుగారు రోజూ ఆ మడి దగ్గర ఒక నిమిషం ఆగి స్టోరుకు పోయేవాడు. తీరా తూకాలు వేస్తే పదకొండో నెంబరు అట్టడుగున ఉంది.

నేను నమ్మలేక కాటా సరిచూశాను. సంచులు మారాయేమోనని మళ్లీ చూశాను. ఏమీ మారలేదు. సూపరింటెండెంటుగారికి చెబితే ఆయన నవ్వాడు. ఒక పట్టీలో తక్కువొస్తే నేల లోపం అనుకోవచ్చట. నాలుగు పట్టీల్లోనూ ఒకే తీరుగా తక్కువొచ్చిందంటే అది రకం గుణమేనట. ఈ తేమకు ఆకు పెరుగుతుంది, పూత నిలవదు, అంతే అని తేల్చాడు. నిజానికి పుస్తకం ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. నాలుగు చోట్లా ఒకే దెబ్బ పడితే ఎవరైనా అదే అంటారు. నేనూ ఒప్పుకున్నాను.

ఆ తర్వాతి కార్తీకంలో తుఫాను వచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్లకు తుఫాను గురించి చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పల్లెలోకి సముద్రపు నీళ్లొచ్చాయి. మనుషులు ఫారం గోడౌనులో తలదాచుకుని బతికారు. పెద్దక్క ఇల్లు గోడలతో సహా పోయింది. బూడిద కలిపి మూతికి మట్టి మెత్తి పెట్టుకున్న విత్తనాల కుండలు ఆ గోడ వారనే ఉండేవి. అవీ పోయాయి. దిబ్బ మీద అలసంద వేసే మిగతా ఇళ్లవాళ్లకూ ఏమీ మిగల్లేదు. నీళ్లు తీశాక ఆమె స్టోరు దగ్గరకొచ్చి తన విత్తనం ఉందా అని అడిగింది. సాయిబుగారు డబ్బా మూత తీసి చూపించాడు. ఆమె చెయ్యి పెట్టి గింజలు తాకి చూసింది.

ఆ రోజే ఇచ్చేసి ఉండాల్సింది. కాని ఉన్న గింజ రెండో ఏటి పరీక్షకు సరిపోయేంతే. రెండేళ్లు చూస్తే గాని ఏ రకాన్నీ ఉంచడమూ తీసేయడమూ ఉండదు. ఆ సంగతి నేను చెబితే ఆమె సరేనంది. పరీక్ష కానీండి, వచ్చే ఏడు తీసుకుంటాలే అంది. ఇక అక్కడి నుంచి దిబ్బ అలసంద అన్నది ఈ లోకంలో ఉంటే మా స్టోరులోనే ఉండాలి.

రెండో ఏడూ అదే కథ. పైరు కళకళలాడుతోంది, తూకం వెలవెలబోతోంది. చివరి కోతలు ఇంకా ఉండగానే సూపరింటెండెంటుగారు తీసేయాల్సిన రకాల నెంబర్లు రాసుకున్నాడు. పదకొండు అందులో ఉంది. తీసేసిన రకం విత్తనం స్టోరులో ఉంచరు.

ఆ ఆదివారం గుడి నుంచి వస్తూ దారిలో ఆమెకు చెప్పాను. నీది మళ్లీ చివర వచ్చిందక్కా అని. ఆమె నమ్మలేదు. ఏం కొలిచినారు, ఎట్టా కొలిచినారు అని నిలదీసింది. ఎండుకాయ కొట్టి గింజ తూచామని చెప్పాను. సరుగుడు చెట్ల కింద అట్లాగే ఆగిపోయింది.

"లేతకాయ మీ లెక్కలో ల్యాదా అబ్బయ్యా?"

లేదన్నాను.

"మేం కూరకు కోసుకునేది దాంట్లోనే గదా."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒడ్డు ఊళ్లలో కాయకోతకు వచ్చిన ఆడవాళ్లు పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు ఒడినిండా లేతకాయలు కోసుకుపోతారు. అది కూలిలో భాగం కాదు, దానమూ కాదు, దొంగతనం అసలే కాదు. ఏ ఆసామీ దాన్ని అడగడు. అడిగితే మర్నాడు కోతకు ఎవరూ రారు. మా ఫారంలోనూ రోజూ జరిగేది. నేనూ, సాయిబుగారూ, సూపరింటెండెంటుగారూ రోజూ చూసేవాళ్లం. రోజూ కనపడేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? అయినా అన్ని మళ్లల్లో తలా కాస్త కోసుకుంటే అన్ని తూకాలూ తలా కాస్త తగ్గేవి. పదకొండే ఎందుకు తగ్గాలి? అదే అడిగాను.

"తక్కినయ్యన్నీ సర్కారువి. సర్కారు సొత్తు ముట్టుకుంటే దొంగతనం గాదా? ఇది నాది. నేనే జెప్పినా మావోళ్లకు. కూరకు కావాలంటే నా దాంట్లో కోసుకోండి, వేరేదాని జోలికి పోబాకండి అని."

ఒక్కో పట్టీలో ఆ జట్టులోని ఒక్కో గుంపు కోసేది. ఏ గుంపుకాగుంపు తన పట్టీలోని పదకొండో మడిలోనే ఒడి నింపుకునేది. నాలుగు చోట్లా ఒకే తీరుగా. రెండేళ్ల పాటు, ఒక్కరోజు కూడా సర్కారు కాయ ముట్టుకోకుండా. ఇంత నిజాయితీగా పరీక్షను పాడుచేసినవాళ్లు ప్రపంచంలో మరెక్కడా ఉండరు. నాకు మొదట నవ్వొచ్చింది. ఆమె ముఖం చూశాక నవ్వలేదు. ఆమె తన మాటతో తన విత్తనాన్నే ఓడగొట్టుకుంది. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకే అర్థమైంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ప్రతి కోతకూ సూపరింటెండెంటుగారింటి వంటమనిషి వచ్చి, అమ్మగారు పీచులేని లేతకాయలు అడుగుతున్నారని గిన్నె చాపేదట. వాటినీ పెద్దక్కే పదకొండో మడిలోంచి కోసి ఇచ్చేదట.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటుగారి దగ్గరికి పోయి అంతా చెప్పాను, ఆయనింటి గిన్నె సంగతి తప్ప. మూడో ఏడు ఒక్కసారి కాపలా పెట్టి మళ్లీ చూద్దాం సార్ అన్నాను. ఆయన చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. మొదటి ఏటి ఫలితాలు అచ్చయి పైకి వెళ్లిపోయాయి. ఆయన పేరు ప్రమోషను వరసలో ఉంది. రెండేళ్లుగా నా పరీక్షలో కాయలు పోతుంటే నాకు తెలియలేదని నేనే రాసివ్వాలా అని అడిగాడు. ఎవరి సూపర్విజన్ అని పైనుంచి అడిగితే నీ పేరు చెప్పనా, నా పేరు చెప్పనా అని కూడా అడిగాడు. నా పేరే చెప్పండి అన్నాను. వయసు అట్లాంటిది. ఆయన టోపీ పెట్టుకుని పొలంలోకి పోయాడు.

అదే వారంలో హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. ఫారంలో దారి పొడుగునా రాళ్లకు సున్నం కొట్టించాం. బడి నుంచి కుర్చీలు, ఎవరింటి నుంచో మంచి గ్లాసులు తెచ్చాం. బోర్డుల మీద నెంబర్లు మళ్లీ దిద్దించాం. సరిగ్గా ఆ రోజే చివరి కోత కూడా పడింది. ఆడవాళ్లు మళ్లల్లో ఉన్నారు.

ఆఫీసరు లావుపాటి మనిషి. ఇసుకలో నడవలేక ఆయాసపడుతున్నా కళ్లు మాత్రం చురుకైనవి. పదకొండో మడి దగ్గర ఆగాడు. చుట్టుపక్కల మళ్లల్లో ఆకు మాడిపోతుంటే ఇదొక్కటీ ఇట్లా ఉందేమిటన్నాడు. సూపరింటెండెంటుగారు తన పాఠం అప్పజెప్పాడు. ఈ తేమకు ఆకు పెరుగుదలే తప్ప దిగుబడి లేదనీ, రెండేళ్లూ చివరే వచ్చిందనీ, తీసేస్తున్నామనీ.

పెద్దక్క కోస్తున్న కాయలు సంచిలో వేసి గట్టు మీదికొచ్చింది. నేను ఆమెకు ఏమీ చెప్పి పంపలేదు. తీసేస్తారన్న మాట మాత్రం ఆదివారం నా నోటి నుంచే విన్నది.

"అది కాయక కాదు దొరా, మేం తినినాము. లేతవే కోసుకున్నాము. అది నా ఇంటి విత్తనమని కోసుకున్నాము. మీ కాటాకు ఏమొస్తాది ఇంక? తప్పు మాది, గింజది గాదు. దాన్ని తీసెయ్యబాకండి."

ఆఫీసరుకు ముచ్చటేసినట్టుంది. ఎంత తిన్నారేమిటని అడిగాడు. ఆమెకు అబద్ధం చేతకాదు. రోజూ ఒడినిండా కోసుకున్నామంది. ఊరుకున్నా బాగుండేది. ఆమె దృష్టిలో అది రుజువు. పెద్దింటివాళ్లు కూడా మెచ్చారంటే గింజ తరఫున తన మాట గట్టిపడుతుందని అనుకుంది.

"మా సారుగారింటి దొరసానమ్మకు గూడా ఇదంటే ఇష్టం. కోతకోతకూ మేమే పంపినాము."

సూపరింటెండెంటుగారి ముఖం టోపీ కంటే తెల్లబడింది. ఆఫీసరు నా వైపు తిరిగి నిజమేనా అన్నాడు. నిజమే సార్ అన్నాను. ఆయన సూపరింటెండెంటుగారి భుజం తట్టి, ఇంగ్లీషులో ఏమయ్యా, పరీక్షను కూర వండుకుని తిన్నారా, రుచిగా ఉందా అని అడిగి పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పక్కనున్న వాళ్లంతా నవ్వారు. గుమాస్తా నవ్వాడు, జీపు డ్రైవరు నవ్వాడు. పదకొండో నెంబరు ఖాయంగా చచ్చింది ఆ నవ్వులోనే. ఆయన తిట్టి ఉంటే బతికేది. సంజాయిషీ రాయాల్సొచ్చేది, మళ్లీ పరీక్ష పెట్టాల్సొచ్చేది. నవ్వులపాలైన మనిషి ఇక ఆ సంగతి కాగితం మీదికి రానిస్తాడా? జీపు ఎక్కుతూ ఆఫీసరు, ఇంకొక్క ఏడు చూడండి అన్నాడు. అట్లాగే సార్ అన్నాడు సూపరింటెండెంటుగారు. అట్లాగే అన్న మాట మా శాఖలో ఎంత తేలికో అప్పటికే నాకు తెలుసు. నేనూ ఒకసారి అన్నవాణ్నే కదా.

మర్నాడు ఆడవాళ్లు పనికొస్తే గేటు దగ్గరే ఆపేశారు. ప్రయోగాత్మక పంటలో దొంగతనం చేసినందుకు జట్టు మొత్తాన్ని తీసేశామని గుమాస్తా చదివి వినిపించాడు. వాళ్లు కొట్లాడలేదు. దొంగతనం అన్న మాట దగ్గర మాత్రం ఒక ముసలామె ఏడ్చింది. రెండేళ్లు సర్కారు కాయ ముట్టనివాళ్లకు ఆ మాట ఎట్లా తగిలిందో ఇప్పుడు ఆలోచిస్తే కూడా నాకు ఒళ్లు మండుతుంది. మూడో ఏటి పరీక్ష ఊసే లేదు. రెండేళ్ల ఫలితం స్థిరంగా ఉంది కాబట్టి అక్కర్లేదన్నాడు సూపరింటెండెంటుగారు.

సరే, పరీక్ష వద్దు. విత్తనం ఆమెది ఆమెకిచ్చేద్దాం సార్ అని అడిగాను. మాటిచ్చానని కూడా చెప్పాను. దొంగతనం మీద తీసేసిన మనిషికి సర్కారు విత్తనం ఇమ్మంటావా అన్నాడు. అది ఆమె ఇచ్చిన విత్తనం సార్ అన్నాను. ఆయన అప్పుడన్న మాట నేను మరిచిపోలేదు.

"నెంబరు వేశాక అది ఎవరిదీ కాదు. ఫారానిది."

సాయిబుగారు నన్ను పక్కకు పిలిచి దిగులుపడొద్దన్నాడు. రెండు దోసిళ్లు పక్కన పెడతాను, మీరు మెల్లిగా తీసుకుపోదురు అన్నాడు. ఫారం సొత్తు గుండుసూది కూడా ఇంటికి తీసుకుపోని మనిషి. ఆ మాట అనడానికి ఆయన ఎంత కుమిలిపోయాడో నాకు తెలుసు. ఆయనకు ఆ అవకాశం కూడా దొరకలేదు. మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటుగారు నన్ను జిల్లా ఆఫీసు పని మీద నెల్లూరు పంపాడు. నేను బస్సెక్కాక తనే స్టోరులోకొచ్చి నిలబడి, తీసేసిన రకాల డబ్బాలూ కోత సంచులూ అన్నీ తెప్పించి, ఒకే గంగాళంలో పోయించాడు. ఫారంలో జాతి కోడెలు కొన్ని ఉండేవి. ఉలవలకు బదులు వాటికి ఉడికించి పెట్టమన్నాడు. పొయ్యి వెలిగేదాకా కదల్లేదట. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి సాయిబుగారు ఖాళీ డబ్బాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"నా చేత్తోనే పోయించినాడు సార్. కింద పడినవి కూడా ఊడిపించి ఎత్తించినాడు."

తర్వాతి సంగతులు చెప్పేస్తాను. సిఫారసు చేసిన రకం మెట్ట నుంచి వచ్చిన పొట్టి రకం. రైతులు వేశారు. మబ్బులు నిలిచిన ఏడాది కాయలోనే మొలకెత్తి, మళ్లకు మళ్లు నల్లగా కుళ్లాయి. ఆ తర్వాత ఒడ్డున అలసంద లాభం లేదని పైవాళ్లు తీర్మానించి ఆ పనే మూసేశారు. సూపరింటెండెంటుగారికి ప్రమోషను వచ్చింది. నన్ను మెట్టకు బదిలీ చేశారు. దిబ్బ అలసంద కోసం నేను తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. సెలవులు పెట్టి తిరిగాను. ఆ పేరు చెప్పి ఏవేవో ఇచ్చారు గాని ఉడికిస్తే అది కాదు, కొరికితే అది కాదు. మీ కాలంలో విత్తనాలను చల్లటి గదుల్లో దాస్తున్నారట. మంచిదే. దాచేముందు ఇచ్చినవాళ్ల చేతిలో దోసెడు తిరిగి పెట్టండి. ఆ ఒక్కటీ చేస్తే నేను రాసినందుకు ఫలితం ఉంటుంది.

కబురు నేనే చెప్పాలని, నెల్లూరు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే పల్లెకు పోయాను. పెద్దక్క సరుగుడు తోపులో రాలిన ఆకు ఊడ్చి, పొయ్యిలోకి అమ్మడానికి గంప నింపుతోంది. పని పోయాక ఆమెకు మిగిలిన బతుకుదెరువు అదే. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది. నా చేతులు ఖాళీగా ఉండటం చూసే ఉంటుంది. నేను దాచకుండా చెప్పేశాను. అన్నీ కలిపేశారనీ, ఉడికించారనీ, కోడెలకు పెట్టారనీ. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె ఒక్కటే అడిగింది.

"తినినాయా అబ్బయ్యా?"

తిన్నాయన్నాను. సాయిబుగారు చెప్పాడు, గంగాళం అడుగు దాకా నాకాయట.

"పోనీలే. మీ ఫారంలో దాని రుచి తెలిసి, తినినామని ఒప్పుకునేటియి ఆ కోడెలే."

గంప నెత్తికెత్తమని నా వైపు తిరిగింది. ఎత్తాను.